నీలి కలపని సున్నం

జీపు కోసం ఎదురుచూసే మనిషి రోడ్డు వైపు కూర్చోవాలి. ధనరాజ్ పాస్టరు గారు మాత్రం బెంచీని ఈడ్చుకుంటూ చర్చి వెనక్కి, సముద్రం వైపుకి తెచ్చుకున్నారు. బెంచీ కాలు ఇసుకలో దిగబడి మొరాయిస్తే, నువ్వు కూడానా అని దాన్ని కసురుకుని, ఆయాసం తీరేదాకా నిలబడి, తర్వాత కూర్చున్నారు. ఇటైతే గాలి బాగా వస్తుందని తనకి తనే చెప్పుకున్నారు గానీ, గాలి కోసం కూర్చున్న మనిషి సముద్రానికి వీపు పెట్టి గోడకేసి చూస్తూ కూర్చోడు. గోడ పెచ్చులు రేగి ఉంది. పోయినేడాది సున్నం ఉప్పుగాలికి పొక్కి, అక్కడక్కడా రాలి, లోపలి రాయి కనపడుతోంది. వేట నిషేధం ఇవాల్టితో ఆఖరు, రేపు తెల్లారగట్ల బోట్లు నీళ్ళలోకి దిగుతాయి, ఇవాళ సాయంత్రం ఈ గోడకి సున్నం పడాలి, ఏటా పడుతూనే ఉంది, ఆయన ఈ నీలయ్యపేటకి నల్లటి జుట్టుతో వచ్చిన ఏడాది కూడా పడింది. ఈ ఏడాది మాత్రం పడదు. వేసేవాళ్ళెవరూ లేరని ఆయనకి బాగా తెలుసు, అయినా మెడ మాటిమాటికీ పేట వైపు తిరుగుతోంది, ఈ మెడకి ఇంత వయసొచ్చీ బుద్ధి రాలేదు.

దీపాలు పెట్టే వేళకి వస్తానన్నాడు పృథ్వీరాజ్. ఈ చుట్టుపక్కల చర్చిలన్నిటికీ సూపరింటెండెంటు గారు అనాలి, వయసులో చిన్నవాడైనా పదవి పదవే. ఫోన్లో ఎంత మర్యాదగా మాట్లాడాడు, అయ్యగారూ మీకు విశ్రాంతి కావాలి అయ్యగారూ, విజయనగరంలో మన పెద్దల ఆశ్రమంలో గాలీ వెలుతురూ ఉన్న గది అయ్యగారూ, పుస్తకాలు పెట్టుకోడానికి అలమర కూడా ఉందండీ. అలమర అన్నప్పుడు ఈయన మెత్తబడ్డారని అవతల అతనికి తెలిసిపోయినట్టుంది. ఆ తర్వాత మాట మెల్లగా వదిలాడు, చర్చి పైకప్పు దూలాలు పుచ్చిపోయాయి, మిగిలిన ఆ కొద్ది ఇళ్ళవాళ్ళూ కళింగపట్నం చర్చికి వెళ్తామంటున్నారు, కట్టడం ఎవరి నెత్తిమీదైనా పడితే మాటొస్తుంది, వానలు ముదరకముందే దించేద్దామని కమిటీ అనుకుంది. దించేయడం అంట. పందిరా దించేయడానికి? కానీ ఈయన మాత్రం ఏమన్నారు, అలాగే బాబూ అన్నారు, పెట్టె సర్దుకున్నారు. పెట్టెలో బట్టలు తక్కువ, పుస్తకాలు ఎక్కువ, పుస్తకాలన్నీ ఒకటే పుస్తకం. 'నీలయ్యపేట చరిత్ర', శ్రీకాకుళంలో అచ్చువేయించింది. కొన్నవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, మిగతా ప్రతుల్ని చెదలు శ్రద్ధగా చదివాయి. శాలిహుండం కొండమీది స్తూపాలు, కళింగపట్నం రేవులో ఓడలు ఆగిన రోజులు, శ్రీముఖలింగం జాతరకి ఈ పేటవాళ్ళు వంశధార గట్టు పట్టుకుని నడిచివెళ్ళే దారి, ఏ తుపానులో ఎవరెవరు పోయారు, అన్నీ రాశారు. ఈ గోడ గురించి మాత్రం ఒక్క వాక్యంతో సరిపెట్టారు: వేటకి వెళ్ళే ముందురోజు గంగులు ఇంటివారు చర్చి తూర్పుగోడకి సున్నం వేయుట ఆచారము. ఎందుకు వేస్తారో రాయలేదు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని పృథ్వీరాజ్ మీటింగుల్లో ఎన్నిసార్లు చెప్పాడో, చూడండి సహోదరులారా, గంగమ్మకి మొక్కే జాలర్లు మన మందిరానికి సున్నం వేస్తున్నారంటే వాళ్ళ హృదయాల్లో ఏం జరుగుతోందో ఆలోచించండి అని. జనం చప్పట్లు కొట్టేవారు. ఈయన వెనక బల్లమీద కూర్చుని చెప్పుల వైపు చూసుకునేవారు.

హృదయాల్లో ఏం జరుగుతోందో ఈయన భార్య సువార్తమ్మకి ముందు తెలిసింది, పాపం తిట్లు కూడా ఆవిడే తింది. కాపురానికొచ్చిన కొత్త. గంగులు సున్నం బాల్చీ దింపి కుంచె కోసం ఇంటికి వెళ్ళిన సమయంలో, అయ్యో తెలుపు తేలిపోతోంది, కాస్త నీలిమందు పడితే నిగారింపు వస్తుంది కదా అని, ఏ ఇల్లాలైనా చేసే పనే, ఇన్ని చుక్కలు నీలి కలిపేసింది. గంగులు చూసుకోలేదు, వేసేశాడు. ఆరాక గోడ కొత్త పంచెలా మెరిసింది, ఆవిడ వాకిట్లో నిలబడి ముచ్చటపడింది. మర్నాడు మధ్యాహ్నం గంగులు తడి గోచీతోనే వచ్చి చర్చి ముందు అరుపులు. "ఏటమ్మా ఈ పని! నీలి ఎవులు కలపమన్నారు నిన్ను? గోడ మబ్బులో కలిసిపోయినాది! తెల్లారిందగ్గిర్నుంచి సంద్రం మీద ఎతకడమే ఎతకడం, ఒక్క వల దించలేదు, ఎరుకేనా?" సువార్తమ్మ తలుపు వెనక నిలబడి ఏడ్చింది. ఈయనకి కోపం రావాలి, రాలేదు, ఆశ్చర్యం వచ్చింది. గోడ మబ్బులో కలవడం ఏమిటి? గోడకోసం సముద్రం మీద వెతకడం ఏమిటి? అడిగితే గంగులు చప్పబడిపోయాడు, నోరు జారినందుకు నాలిక కొరుక్కున్నాడు, ఇసుక మీద కాలివేలితో గీతలు గీశాడు, చివరికి రేపొద్దున్న రా బాబూ సూపిస్తాను అన్నాడు. ఆ సాయంత్రమే మళ్ళీ సున్నం కలిపి, నీలి లేకుండా, గోడంతా తిరిగి పూశాడు. అప్పుడు సువార్తమ్మే లాంతరు పట్టుకుంది, ఏడుపు మానేసి, ఆ మూల పల్చగా ఉంది చూడు అని గంగులుకి పని చెప్పడం మొదలుపెట్టింది.

పడవలో ఆయన వాంతి చేసుకున్నారు. ఆ సంగతి చరిత్రలో రాయలేదు, చరిత్రకారుడికి ఆ మాత్రం స్వతంత్రం ఉండాలి. ఒడ్డు సన్నబడి సన్నబడి ఒక గీత అయ్యాక, పేటా లేదు, తాటిచెట్లూ లేవు, తను బోధించే చర్చీ లేదు, ఒక తెల్లటి మచ్చ మాత్రం ఉంది. గంగులు చుక్కాని కాస్త కాస్త తిప్పుతుంటే దూరాన శాలిహుండం కొండ జరుగుతూ జరుగుతూ వచ్చింది, దాని కొస సరిగ్గా ఆ తెల్ల మచ్చ మీద నిలబడింది, అప్పుడు గంగులు ఇంజను ఆపేశాడు. ఇదిగో ఇక్కడే బాబూ, కిందన రాళ్ళు, రాళ్ళలో సేప, మా తాత కనిపెట్టినాడు. వల నిండుగా వచ్చింది, చందువా చేపలు, ఒక పెద్ద కోనాం. ప్రతి పడవకీ తన గురుతు తనకుంటుందట, ఒకరిది ఇంకొకరికి చెప్పరట, తండ్రి కొడుక్కి చెప్పాలి, అదీ కొడుక్కి మీసం వచ్చాక. "నా ఆడదానిక్కూడా సెప్పలేదు బాబూ. నువ్వు రాతగాడివి, పుస్తకంలో ఎక్కించీకు." ఉప్పునీళ్ళు చేత్తో పట్టి ఒట్టు వేయించుకున్నాడు. సముద్రం మీద ఒట్టు వేయొచ్చా అని బైబిలు కాలేజీ చదువు లోపల గొణిగింది, ఆయన పట్టించుకోలేదు, ఆ వేళ ఆయనకి ఎంత సంతోషం కలిగిందో తను రాసే ఏ పద్యంలోనూ పట్టించలేకపోయారు. ప్రార్థన చెప్పేది లోపల, దారి చూపేది బయట గోడ. లోపలికి ఎవరూ రాని ఆదివారాల్లో ఆ మాట తలుచుకునేవారు.

లోపలికి రాకపోయినా చావులకి మాత్రం ఆయన్ని పిలవని ఇల్లు లేదు. హిందువైనా క్రైస్తవుడైనా మనిషి పోతే పెద్దకర్మ నాటికి పాస్టరు గారి పద్యం ఉండాల్సిందే, ఆటవెలది, నాలుగు పాదాలు, పోయినవాడి పేరూ వాడి పనీ అందులో రావాలి, చివర సాగిపొమ్మనో తరలిపొమ్మనో సెలవిమ్మనో ఉండాలి. కల్లుగీసే సోములు పోతే కల్లు మాట లేకుండా రాయండీ అన్నాడు కొడుకు, కల్లు లేకుండా సోములెక్కడ అన్నారు ఈయన. జనం పద్యం విని, ఆఁ, ఇంక మనిసి ఎల్లిపోయినాడు అని లేచి చేతులు కడుక్కునేవారు. అలా ఈ పేటలో ఎంతమందిని సాగనంపారో. గంగుల్ని తప్ప. అతను వేట మీదున్నప్పుడు వచ్చిన తుపానుకి పోయినవాళ్ళలో మిగతా అందరూ ఎక్కడో ఒకచోట ఒడ్డుకి కొట్టుకొచ్చారు, గంగులు రాలేదు, పడవా రాలేదు. పదోరోజు దాటాక ఈయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్తే గంగులు పెళ్ళాం అసిరమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది, నుదుట బొట్టు, చేతులకి గాజులు, ఎప్పట్లాగే. "నానొద్దన్నాను. నువ్వు పద్యం సదివీసినావంటే మనిసి పోయినట్టే. పుస్తకంలో కూడా ఆడి పేరు రాయకు." పేటంతా నోరు నొక్కుకుంది. ఈయన కాగితం చింపేశారు, చరిత్రలో ఆ తుపాను మృతుల్లో గంగులు పేరు వదిలేశారు, ఇదేమిటండీ చరిత్ర తప్పు రాశారు అని తర్వాత ఒకళ్ళిద్దరు అడిగారు కూడా. తప్పే. ఉండనీ.

మరి సువార్తమ్మకి? సువార్తమ్మకి ఆలస్యం చేయలేదు. భూస్థాపనకి ముందే రాసేశారు, చేయి తిరిగిన మనిషి కదా, సమాధి దగ్గర గొంతు వణక్కుండా చదివారు, అయ్యగారు ఎంత ధైర్యవంతులో అన్నారు అందరూ. ఆ పద్యంలో ఆవిడ పేరు లేదు. సువార్త అన్న పేరు ఆటవెలదిలో పాదం మొదట్లో ఇమడదు, కాస్త కుస్తీ పడితే మధ్యలో ఎక్కడో ఇరికించొచ్చు, ఆ వేళ ఓపిక లేక సాధ్వి అని రాసి ఊరుకున్నారు. సాధ్వీ, తరలిపొమ్ము. ఆవిడ చెప్పిన మాట వినే మనిషి, తరలిపోయింది. కలలోకి కూడా రాలేదు. అసిరమ్మ ఇంట్లో ఇప్పటికీ రాత్రిపూట గంజి ఒక గిన్నెడు మూతపెట్టి ఉంటుందట, గుమ్మం దగ్గర గంగులు లుంగీ దండెం మీద ఉంటుందట, ఉతికి మళ్ళీ ఆరేస్తుందట. పిచ్చిది అంటారు. ఆయనకి మాత్రం అసూయ. ఛీ, పాస్టరై ఉండి అదేం మాట, కానీ అసూయే, వేరే పేరు పెట్టి ప్రయోజనం లేదు. ఆవిడకి ఎదురుచూడ్డానికి ఒక మనిషి ఉన్నాడు. తను అందరికీ సెలవులు ఇచ్చేసి, అందరి పేర్లూ అచ్చువేయించేసి, ఈ బెంచీ మీద ఒక్కడూ మిగిలాడు, ఎదురుచూద్దామంటే ఒక జీపు.

ఎండ చర్చి కప్పు దాటి అవతలికి దిగింది. గోడంతా నీడ, పెచ్చులు ఇప్పుడు అంతగా కనపడటం లేదు. గంగులు లేకపోయాక సున్నం కొడుకు హరిబాబు వేసేవాడు, అసిరమ్మ బాల్చీ పట్టుకుని కింద నిలబడేది. హరిబాబు గురుతు కోసం వేస్తున్నాడనే ఈయన అనుకున్నారు, కానీ ఒకసారి అడిగితే ఆ కుర్రాడు ఫోను తీసి చూపించాడు, ఇప్పుడు కొండేటి గోడేటి బాబూ, అన్నీ ఇందులో ఉంతాయి, సుక్క పెట్టుకుంటే అదే తీసుకెల్లిపోతాది. మరి సున్నం ఎందుకురా అంటే, మాయమ్మ ఊరుకోదు అన్నాడు. గంగులు చెప్పకుండానే పోయాడు, కొడుక్కి గురుతు తెలీదు, అవసరమూ లేదు. ఇప్పుడు హరిబాబు వెరావల్‌లో పెద్ద బోటు మీద ఉన్నాడు, గుజరాత్ నుంచి పండక్కి కూడా రాలేదు. అంటే ఆ కొండ కొస ఎక్కడ నిలబడితే ఇంజను ఆపాలో ఈ భూమ్మీద తెలిసినవాడు తనొక్కడే, అదీ పడవెక్కితే వాంతి చేసుకునే మనిషి. నవ్వొచ్చింది. ఎవరూ రారు, లేచి రోడ్డు వైపు వెళ్ళి కూర్చుంటే మర్యాదగా ఉంటుంది అనుకుంటుండగా ఇసుకలో బాల్చీ దించిన చప్పుడు.

అసిరమ్మ. ఒక చేత్తో బాల్చీ, రెండో చేత్తో వెదురుకర్ర, కర్ర చివర కుంచె కట్టుకుని తెచ్చుకుంది. మనిషి సగం అయిపోయింది, బొట్టు మాత్రం అంతే ఉంది.

"సున్నం నానడానికి ఆలిస్యమైపోనాది బాబూ," అంది, రోజూ వచ్చే మనిషిలా. "నాకొక్కదానికీ సేతకాలేదు. నువ్వేటి, గోడకి కాపలా కూకున్నావా?"

"అవును," అన్నారు ధనరాజ్ గారు. లేచి బాల్చీలోకి తొంగిచూశారు, ఏటా చూస్తున్నట్టే. పాలలా తెల్లగా ఉంది.

"నీలెయ్యలేదులే," అంది అసిరమ్మ. "అమ్మగోరి మీద కేకలేసి వొచ్చినాక ఆ రేతిరి మాయింట్లో కూడా కేకలే. నాకు సెప్పీసినాడు, తెల్లగోడుంటేనే నాను ఇంటికి రాగల్ను, ఎరుకేనా అని. గోడుండాలని సెప్పినాడు గాని, ఎక్కడ నిలబడి ఏటి సూడాలో సెప్పలేదు. మొగోల్ల యవ్వారం."

కర్ర ఎత్తింది. రెండు పట్టెలు వేసేసరికి అలిసిపోయి కర్ర కిందికి దించింది. ఆయన కర్ర అందుకున్నారు, ఆవిడ ఇచ్చేసింది. సున్నం మీద పడుతోంది, కళ్ళద్దాల మీద, ప్రయాణానికని వేసుకున్న తెల్లచొక్కా మీద. ఆవిడ పక్కన నిలబడి, ఆ మూల పల్చగుంది, ఆ పైన వొదిలీసినావు అని పని చెబుతోంది, ఇంకో గొంతు ఎప్పుడో లాంతరు పట్టుకుని అన్న మాటే, ఆయన ఒక్క క్షణం కర్ర ఆపి మళ్ళీ వేశారు. వేట కోసం కాదన్నమాట. గురుతు కోసం కూడా కాదు. ఇన్నేళ్ళూ ఈ గోడ ఒక్క మనిషికోసం తెల్లగా ఉంది, ఆ సంగతి తన చరిత్రలో ఏ పేజీలోనూ లేదు.

చెప్పకపోతే ద్రోహం. కర్ర దించకుండానే చెప్పారు. "అసిరమ్మా, నేను వెళ్ళిపోతున్నాను. ఇంకాసేపట్లో జీపొస్తుంది. చర్చి కూలగొట్టేస్తారు. ఈ గోడ ఉండదు."

ఆవిడ వంగి బాల్చీలో అడుగున పేరుకున్న సున్నాన్ని చేత్తోనే కలిపింది. చేయి కొంగుకి తుడుచుకుంది.

"నాకూ ఇనబడినాదిలే. గోడ పడిపోతే పడిపోనీ," అంది. "మరి ఆడికి గురుతుండాల గదా? నువ్వు పడవెక్కి ఎల్లినావు, నీకెరిక. పద్యం కట్టు. గోడ పడిపోతాది, పద్యాన్నెవులు పడగొడతారు?"

"గంగులు మీద పద్యం వద్దన్నావు కదా అసిరమ్మా."

"ఎల్లిపోమనే పద్యం వొద్దన్నాను. రమ్మని కట్టు."

ఆయన గోడకి ఆనుకున్నారు, తడి సున్నం వీపంతా అంటుకుంది. రమ్మని. చేతిలో ఉప్పునీళ్ళు పట్టుకుని వేసిన ఒట్టు గుర్తొచ్చింది, పుస్తకంలో ఎక్కించీకు. ఎక్కించడం లేదు గంగులూ, కాగితం మీద పెట్టను, నీ ఇంటిదాని నోట్లో పెడుతున్నాను, నువ్వే చెప్పవలసింది, చెప్పకుండా పోయావు. పోయావు కాదు, వెళ్ళావు. చేతులకి అలవాటైన ఆటవెలది, కానీ నోటికి అలవాటైన మాటలు ఒక్కటీ పనికిరాలేదు, తరలీ సెలవూ సాధ్వీ స్వర్గమూ అన్నీ పక్కకి నెట్టాల్సి వచ్చింది. సముద్రం వైపు తిరిగారు. జీవితంలో మొదటిసారి ఈ పేట భాషలో, కాగితం లేకుండా, ఒక్కొక్క పాదమే చెప్పారు, ఆవిడ ఒక్కొక్క పాదమే అంది.

తెల్ల గోడ మీద తేలు కొండ కొసను
సూసుకుంటు రార సుక్కలేల
ఇంట గంజి కాచి ఎదురు సూస్తన్నాది
అసిరి, పిలుపు వినర, ఆగకింక

"మల్లీ సెప్పు," అంది. మళ్ళీ చెప్పారు. మూడోసారి ఆయన అవసరం లేకపోయింది. కొండ కొసన్న మాట దగ్గర ఆవిడ ఆగి, వెనక్కి తిరిగి, చీకటి పడుతున్న కొండని కాసేపు చూసింది, ఇదా, ఇంతేనా అన్నట్టు. రోడ్డు మీద హారను వినపడింది. మిగిలిన కాస్త జాగా నాను పూసుకుంతాను, నువ్వు ఎల్లు బాబూ, సొక్కా మార్సుకో అంది. ఆయన చొక్కా మార్చుకోలేదు.

పృథ్వీరాజ్ పెట్టె ఎత్తించి, సున్నం మరకలు చూసి కూడా చూడనట్టు ఊరుకుని, ముందు సీటు తలుపు తీసి పట్టుకున్నాడు. జీపు కదిలింది. పేట మలుపు దాటుతుండగా ఒడ్డు వైపు నుంచి గొంతు లేచింది, నాలుగు వీధుల అవతలికి వినపడేలా చందువాలమ్మిన గొంతు, ఈసారి వీధుల వైపు కాదు, నీళ్ళ వైపు తిరిగి ఉంది. రార అన్న దగ్గర పొడుగ్గా సాగదీస్తోంది.

"పద్యంలా ఉందే. మీదేనా అయ్యగారూ?" అన్నాడు పృథ్వీరాజ్, గొంతు తగ్గించి. "ఎవరు పోయారండీ?"

"ఎవరూ పోలేదు బాబూ," అన్నారు ధనరాజ్ గారు. "పిలుస్తోంది. కాస్త జీపు ఆపించు, ఇంజను చప్పుడుకి వినపడదు."